తీరిక వేళ: కల్కి గుర్రానికి కాలు

పిల్లలూ, మీ ఇంట్లో అటక మీద ఏమేం ఉన్నాయో ఎప్పుడైనా చూశారా?

నేనుండేది బాచుపల్లిలో. ఇది హైదరాబాదుకు వాయవ్యంగా ఒకప్పుడు చిన్న పల్లె. ఇప్పుడు ఎటు చూసినా మేడలే. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్ళు అన్ని జిల్లాల నుంచీ వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టారు. వాళ్ళ సామానుతో పాటు అమ్మమ్మల బొమ్మల పెట్టెలు కూడా వచ్చి అటకలెక్కాయి.

కిందటి దసరాకు పది రోజుల ముందు, మా పై అంతస్తులో ఉండే అయిదో తరగతి కుర్రవాడు తువ్వాల్లో ఏదో చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. విప్పి చూస్తే తెల్ల గుర్రం, దాని మీద కల్కి. వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పటి కొండపల్లి దశావతారాల్లో అది ఆఖరు బొమ్మ. మిగిలిన తొమ్మిది అవతారాలూ క్షేమంగానే ఉన్నాయి. దీనికి మాత్రం ముందుకాలు ఊడిపోయింది. కల్కి చేతిలో కత్తి లేదు.

"తాతగారూ, అమ్మమ్మ కొలువుకు వస్తున్నది. నాన్న దీనికి తెల్ల స్ప్రే రంగు కొట్టిస్తే కొత్తదానిలా ఉంటుందంటున్నాడు. కొట్టించమంటారా?" అన్నాడు.

"వద్దు, ముందు కాలు తీసుకురా," అన్నాను. అదృష్టవశాత్తూ అది పెట్టె అడుగున కాగితాల్లో దొరికింది.

కాలు సరిగ్గా భుజం దగ్గరే ఎందుకు ఊడిందో తెలుసా? కొండపల్లి గుర్రాన్ని ఒకే కొయ్యలో చెక్కరు. తెల్ల పొణికి అనే తేలికైన కొయ్యను సన్నని సెగ మీద ఆరబెట్టి, ఒంటిని వేరుగా, కాళ్ళను వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన ముద్దతో వాటిని అతుకుతారు. ఆ ముద్దను మక్కు అంటారు. ఆ తరవాత సున్నపు పూత, దాని మీద రంగులు. అంటే మన గుర్రం విరగలేదు, ఏళ్ళ తరబడి ఎండి ఎండి అతుకు మాత్రం వదిలేసింది. చేసినవాడు అతికినట్టే మనమూ మళ్ళీ అతకవచ్చు.

మక్కు చెయ్యటం కష్టం కాదు. చింతగింజలు వేయించి దంచితే పైపొట్టు పోతుంది. లోపలి పప్పును రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి ఉడికిస్తే జిగురు తయారు. (పొయ్యి పని అమ్మకో నాన్నకో వదిలెయ్యండి.) వడ్రంగి దగ్గర పొట్టు తెచ్చి జల్లించి, ఆ జిగురులో కలపాలి. ముద్ద చపాతీ పిండి కన్నా కాస్త మెత్తగా ఉండాలి. పాత మక్కును పుల్లతో గీకి, కొత్తది రాసి, కాలు నొక్కి, దారంతో వదులుగా కట్టి, రెండు రోజులు నీడనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైభాగం ముందు ఎండి ముడుచుకుంటుంది, లోపలి తడి ఇంకా అలాగే ఉంటుంది. దాంతో అతుకు పగులుతుంది.

బజారులో క్షణంలో అతికే జిగుర్లున్నాయి గదా అంటారా? ఉన్నాయి. కాని కాలు వంకరగా అతికిందో, ఇక అంతే! చింతగింజల జిగురైతే తడిపితే మెత్తబడుతుంది. మ్యూజియాల్లో పాత వస్తువులు బాగుచేసేవాళ్ళు కూడా, తరవాత వచ్చేవాడు విప్పటానికి వీలుండేటట్టే అతుకుతారు.

ఇక రంగు. ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. నాకు మీ వయసున్నప్పుడు, సంక్రాంతి కొలువుకు సాయం చేద్దామని మా ఇంటి గుర్రాన్ని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. దుమ్ము పోయింది. దాంతోపాటు రెండు కళ్ళూ, కళ్ళెమూ గుడ్డకు వచ్చేశాయి! అవి నీటి రంగులని నాకేం తెలుసు? ఆ ఏడంతా గుడ్డి గుర్రమే కొలువులో నిలబడింది. మీరు మాత్రం మెత్తని పొడి కుంచెతోనే దుమ్ము దులపండి. రంగు సంగతి తెలుసుకోవాలంటే పొట్ట కింద, కనిపించని చోట, దూది కొనను కాస్త తడిపి అద్ది చూడండి.

ఇంకొక జాగ్రత్త. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం విషం. అలాంటి రంగును గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. కనక పాత రంగును రుద్దనే వద్దు. బొమ్మను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

మా కుర్రవాడు అతుకు మీద మాత్రం కాస్త సున్నం పూసి, తెల్ల రంగులో పసుపు చుక్కా, గోధుమ రంగు చుక్కా కలిపి, పాత తెలుపుకు సరిపడేటట్టు వేశాడు. మూడుసార్లు కలిపితే గాని కుదరలేదు. గుర్రం చెవి దగ్గర రంగంతా అరిగిపోయి కొయ్య కనిపిస్తున్నది. "దీనికీ వెయ్యనా?" అన్నాడు. "అది ఎలా అరిగిందో అమ్మమ్మకు ఫోను చేసి కనుక్కో," అన్నాను. చిన్నప్పుడు ఆవిడ గుర్రాన్ని ఆ చెవి పట్టుకునే ఇల్లంతా తిప్పేదట! చెవి జోలికి మేము పోలేదు. గుర్రం పీట అడుగున ఏ కాలు అతికామో, ఏ తేదీన అతికామో పెన్సిలుతో రాయించాను.

ఈ పనితో వాడికి గుర్రాల పిచ్చి పట్టుకున్నది. మీకూ పడితే మంచిదే. ఖరీదైనవి కొననక్కరలేదు, చదరంగంలో జతపోయిన గుర్రంతోనైనా మొదలుపెట్టవచ్చు. అయితే ప్రతి గుర్రానికీ వైద్యం వేరు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణ పట్టి, లక్కతో రంగులద్దుతారు. అక్కడ పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి సహజమైన రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చినందుకు సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. కనక ఆ బొమ్మ కిటికీ ఎండలో ఉండరాదు. కొమరం భీం ఆసిఫాబాదు జిల్లా ఉషేగాంలో మైనంతో నమూనా చేసి, మట్టి పొదిగి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే మట్టి అచ్చు పగలగొట్టాలి. అందుచేత అచ్చంగా అలాంటిదే మరొకటి ఉండదు. అటువంటి గుర్రం దొరికితే చింతపండుతో తోమకండి, సన్నని గీతలు అరిగిపోతాయి.

గుర్రాల పిచ్చి మనకే కాదు. స్వీడన్‌లో ఎర్ర రంగు కొయ్య గుర్రం దేశానికే గుర్తయింది. అమెరికాలో 1950లో బ్రేయర్ కంపెనీ ఒక గడియారం పక్కన నిలబెట్టటానికి ప్లాస్టిక్ గుర్రాన్ని చేసింది. జనం గడియారాన్ని వదిలి గుర్రాన్ని అడిగారు! మన ఊళ్ళోనే సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం ఉన్నది. ఆదివారం పూట వెళ్ళి పాత బొమ్మలను చూసి రండి.

దసరా నాటికి అమ్మమ్మ వచ్చింది. కొలువు ముందు కూర్చుని గుర్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కాలు మాట ఎత్తలేదు. అగ్గిపుల్లతో మేము చేసిన కత్తిని చూసి మాత్రం, "ఇంతకన్నా పొడుగ్గా ఉండేదిరా," అన్నది. కుర్రవాడు అప్పుడే లేచి మరో పుల్ల వెతుక్కోవటానికి వెళ్ళాడు.