నాడి తెలుసు, నుడి తెలియదు

పదిహేను వందల స్మార్ట్‌వాచ్ గురించి సాహిత్య పత్రికలో ఏంటి గోల అనేవాళ్లుంటారు. ఇది చదవడానికి సంబంధించిన గోలే కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ఎనిమిది నెలలుగా నా మణికట్టు మీదుందది. గుండె వేగం, రక్తంలో ఆక్సిజన్, రాత్రి ఎంతసేపు గాఢంగా నిద్రపోయానో అన్నీ చెప్తుంది. కాకినాడ నుంచి మా అమ్మ "తిన్నావా" అని మెసేజ్ పెడితే మాత్రం ఎనిమిది ఖాళీ డబ్బాలు చూపిస్తుంది. మూడక్షరాల మాటకి ఎనిమిదెందుకంటే, యూనికోడ్ లెక్కలో త, గుడి, న, పొల్లు, ఇలా ఒక్కోటీ ఒక్కో సంకేతం. ఒక్కో సంకేతానికీ ఒక్కో డబ్బా. హిందీ అయితే శుభ్రంగా వస్తుంది.

ఆఫీసులో ఈ మాటెత్తితే "మెమరీ చాలదు బ్రో" అన్నాడొకడు. చిన్న చిప్పు, తెలుగుకి ఫాంట్ ఒక్కటే సరిపోదు, గుణింతాలూ వత్తులూ కూర్చే షేపింగ్ ఇంజన్ కూడా కావాలి. నిజమే. కానీ తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే వచ్చేసింది. ఆ కూర్పు పని చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఉచితం. అదీ బరువనుకుంటే, ఫోన్‌లో ఆ మెసేజ్ అప్పటికే సరిగ్గా కనిపిస్తోంది కదా, దాన్నే బొమ్మగా మార్చి వాచీకి పంపొచ్చు. వాచ్ ఫేసుల బొమ్మలు బ్లూటూత్ మీద అలాగేగా దిగుతున్నాయి! చోటు లేదన్నది సాకు.

చోటు దేనికి దొరికిందో చూడండి. చర్మం మీదికి పచ్చ కాంతి కొట్టి, తిరిగొచ్చే వెలుగులో హెచ్చుతగ్గుల్ని బట్టి నాడి లెక్కిస్తుందిది. అరటిపండుకి కట్టి చూశాను. నిమిషానికి 78, ఆక్సిజన్ 97. పండు ఆరోగ్యంగా ఉందన్నమాట. మెహదీపట్నం నుంచి ఆటోలో కడ్డీ పట్టుకుని కూర్చుని వస్తే వందల అడుగులు నడిచేశానంది. ఆ రోజుకి పదివేల అడుగుల లక్ష్యం కూడా 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక పెడోమీటర్ పేరులోంచి పుట్టిందే. "వైద్య పరికరం కాదు" అన్న హెచ్చరిక పెట్టె అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది, అదీ ఇంగ్లీషులో. కోవిడ్ రోజుల్లో ఆక్సిజన్ అంకె చూసుకుని వణికిన ఇళ్లలో ఇప్పుడు ఇదే వాచీ పెద్దవాళ్ల చేతికి కడుతున్నారు.

నాకు మండేది ఇంకొకటుంది. అరవై దాటాక ఫోన్‌లో తెలుగు కీబోర్డు పట్టుబట్టి నేర్చుకున్న మనిషి మా అమ్మ. ఈ మధ్య ఇంగ్లీషు లిపిలో రాస్తోంది. ఏంటమ్మా అంటే, "నీ వాచీలో రాదన్నావుగా నాన్నా" అంది. వాచీని మార్చాల్సినవాళ్లు హాయిగా ఉన్నారు, ఆవిడ మారింది.

మన సభల్లో భాష పోతోందని ఏటా కన్నీళ్లూ శాలువాలూ. దుకాణంలో "ఇందులో తెలుగు వస్తుందా" అని అడిగేవాళ్లు మాత్రం ఎప్పుడూ కనపడలేదు నాకు.

తయారీ కంపెనీకి రెండుసార్లు రాశాను. మీ సూచన మాకెంతో విలువైనదని జవాబొచ్చింది. వాచీలోనే చదివాను. ఇంగ్లీషు కదా, ఒక్క అక్షరం పోకుండా వచ్చింది.