పచ్చగడ్డికీ సొంత చెక్క కావాలి!
జగ్గయ్యపేట, నందిగామ... ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చినా రాకున్నా ఇక్కడ పత్తి, మిర్చిదే పెత్తనం. మరి పాడిగేదె ఏం తినాలి? వరిగడ్డిలో మాంసకృత్తులు నాలుగు శాతమైనా ఉండవాయె!

సజ్జనూ నేపియర్ గడ్డినీ కలిపి పుట్టించిన కో-4 రకాన్ని కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2008లో ఇచ్చింది. ఈ గడ్డిలో మాంసకృత్తులు అంతకు రెట్టింపు. కాండం ముక్కలు నాటితే రెండున్నర నెలల్లో తొలి కోత, ఆపై నెలన్నరకోసారి. దాణా ఖర్చు తగ్గేదిక్కడే.

కానీ నాటాక అది మూడు నాలుగేళ్లు అదే మడిలో ఉండాలి. ఏడాది కౌలుకు చేసుకునే రైతు ఏ ధైర్యంతో నాటుతాడు? వచ్చే ఉగాదికి ఆ పొలం ఎవరి చేతిలో ఉంటుందో! గడ్డి ఎందుకు వేయలేదని ఆరా తీసేవారు ముందు పొలం ఎవరిదో అడిగితే సగం జవాబు దొరుకుతుంది.

అతనికి మిగిలేది జొన్న చొప్ప. అదీ తొందరపడి కోయకూడదు. వానలు మొహం చాటేసినప్పుడు లేత జొన్నలో విషం చేరుతుంది. పూతకొచ్చేదాకా గేదెను ఆ గట్టెక్కనివ్వకూడదు.