చిట్టి యింజను – చెవిలో రహస్యం

యంత్రం ఎంత చిన్నదైతే కోపం అంత ముక్కుమీద వుంటుంది. నమ్మకం లేకపోతే రేడియోతో నడిచే నైట్రోకారును చూడండి. కారు మూరెడు, యింజను బత్తాయి పండంత. చాలావాటిలో సిలిండరు లోపలి చోటు 3.5 ఘన సెంటీమీటర్లకు మించదు. కాని నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుంది! సిద్దిపేటలో మా మేనల్లుడు రెండేళ్లు దాచుకున్న డబ్బంతా దానికే పోశాడు.

దీనికి పెట్రోలు పనికిరాదు. మెథనాలు, నైట్రోమీథేను, నూనె కలిపిన ఇంధనం కావాలి. ఆ నూనె చాలా రకాలలో మన ఆముదమే! నిప్పురవ్వ కూడా అక్కరలేదు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ బజారుకు తెచ్చిన గ్లోప్లగ్గులో ప్లాటినం తీగచుట్ట వుంటుంది. మొదట బ్యాటరీతో దాన్ని ఎర్రబరిస్తే చాలు. తరువాత మెథనాలు ఆవిరి తగిలి అదే ఎర్రగా వుంటుంది.

నైట్రోమీథేను తన ఆమ్లజని కొంత తానే మోసుకొస్తుంది. బరువులో ఒకపాలు పెట్రోలు కాలడానికి 14.7 పాళ్లు గాలి కావాలి. మెథనాలుకు సుమారు 6.5, నైట్రోమీథేనుకు 1.7 చాలు. అంచేత ఒక్క గుక్క గాలితో ఎక్కువ ఇంధనం కాలుతుంది. బలం అందులో వుంది.

ఇక సూది సంగతి. కుడివైపు బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, కూత పెరుగుతుంది. కుర్రవాళ్లు మోసపోయేది అక్కడే. నూనె ఇంధనంలోనే వున్నది కదా? ఇంధనం తగ్గితే నూనే తగ్గింది. వేడి పెరిగి, తడి ఆరి, పిస్టను గీసుకుపోతుంది.

మొన్న సంక్రాంతికి మా వాడు మధ్యాహ్నం ఎండలో సూది సరిచేసుకుని, మర్నాడు తెల్లవారుజామున మంచులో పందేనికి సిద్ధమయ్యాడు. “ఆగరా!” అన్నాను. చలిగాలి చిక్కన; ఆమ్లజని ఎక్కువ. నిన్నటి సూదికి నేడు ఇంధనం చాలదు. గడియారంలో గంట ముల్లు జరిగేటంత, అనగా చుట్టులో పన్నెండోవంతు, ఎడమకు తిప్పించాను. కారు వెనక నీలిపొగ కనిపించింది. అదే క్షేమసమాచారం.

మీరూ చూసుకోండి. యింజను వేడెక్కాక తలమీద నీటిబొట్టు వేయండి. మూడు క్షణాలకు ఇగిరితే మంచిది. పడీపడగానే చుయ్యిమని మాయమైతే సూది వదులు చేయండి. నిదానంగా తిరుగుతున్నప్పుడు ఇంధనపు గొట్టం నొక్కితే, కూత కాస్త పెరిగి రెండుమూడు క్షణాల్లో ఆగాలి. వెంటనే ఆగితే ఇంధనం చాలడంలేదు. చాలాసేపు తిరిగితే ఎక్కువైంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మెథనాలు విషం. కొద్దిగా కడుపులోకి పోయినా కళ్లు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. దాని మంట పట్టపగలు కంటికి ఆనదు. సోడాసీసాలో పోసి వంటింట్లో పెట్టకండి. పేరు రాసి, తాళం వేయండి. యింజను పోతే మరొకటి కొనుక్కోవచ్చు. చూపు ఏ అంగట్లోనూ దొరకదు.