స్పాయిలర్‌ బిగించాం సరే... లెక్కేదీ?

‘అన్నా, ఫలానా మోడల్‌ స్పాయిలర్‌ మా కారుకు సెట్‌ అవుతుందా?’ టెక్నాలజీ గురించి రాయడం మొదలుపెట్టాక బీటెక్‌ కుర్రాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి. వాళ్లకు కావాల్సింది ఒక్క మాట.. అవుతుందా, అవదా? నేను మాత్రం తిరిగి ఇంకో ప్రశ్న వేస్తుంటా. ‘ఎందుకు పెడదామనుకుంటున్నావ్‌?’

ఈ ప్రశ్న ఒకప్పుడు నన్నూ అడిగారు. ఫైనలియర్‌లో, క్యాంపస్‌ ఇంటర్వ్యూలో. రెజ్యూమెలో హాబీల కింద ‘కార్‌ మోడిఫికేషన్‌’ అని గొప్పగా రాసుకున్నా. ఎదురుగా కూర్చున్నాయన అది చూసి ఏం చేశారో చెప్పమన్నారు. ఒక సెడాన్‌కు వేరే కంపెనీ సెడాన్‌ స్పాయిలర్‌ బిగించామని చెప్పా. ఎందుకన్నారు. స్టెబిలిటీ కోసమన్నా. ‘ఏ స్పీడులో? దానిమీద గాలి ఎన్ని న్యూటన్ల బలం చూపిస్తుంది?’ అన్నారు. నోరు పెగల్లేదు. ఫ్లూయిడ్‌ మెకానిక్స్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ సబ్జెక్టుకూ, నా చేతులతో బిగించిన ముక్కకూ సంబంధం ఉందన్న సంగతే తట్టలేదు. ఆ ఉద్యోగం రాలేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే.. ఇవాళ్టి రెజ్యూమెల్లోనూ ఇలాంటి లైన్లు చాలా కనిపిస్తున్నాయి. మరోపక్క మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్లతో తొక్కించే దృశ్యాలూ చూస్తున్నాం. వాహనాన్ని మార్చాలన్న సరదా మంచి ఉద్యోగానికి దారి కావచ్చు, కేసుకూ దారి తీయొచ్చు. తేడా ఎక్కడుందో ఒక్క స్పాయిలర్‌ను పట్టుకుని చూద్దాం.

ఆటోనగర్‌ మెకానిక్‌ ముందే చెప్పాడు

ఆ కారు మా మామయ్యది. నలుగురు ఫ్రెండ్స్‌ కలిసి విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల షాపులన్నీ తిరిగి, బేరమాడి స్పాయిలర్‌ కొన్నాం. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్‌ దాన్ని డిక్కీ మూత మీద పెట్టి చూసి, ‘తమ్ముడూ, ఇది ఈ బండిది కాదు. వంపు కలవట్లేదు చూడు’ అన్నాడు. ‘టేపేసి రెండు స్క్రూలు కొట్టన్నా, అదే కూర్చుంటుంది’ అన్నాం. కొట్టాడు. ఫొటోలు బాగానే వచ్చాయి.

మూడు నెలలు తిరక్కుండానే మూడు తలనొప్పులు. మొదటి వానకే స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగి, స్టెప్నీ ఉండే గుంటలో నిలిచాయి. కారు లోపల వెనకద్దం దగ్గరుండే మూడో బ్రేక్‌ లైటుకు స్పాయిలర్‌ అడ్డొచ్చింది. ఓ రోజు మామయ్య డిక్కీలోంచి బియ్యం సంచి తీస్తుంటే మూత నిలబడక ఆయన మణికట్టు మీద పడింది. ఎముక విరగలేదు కానీ పదిహేను రోజులు కట్టుతో తిరిగారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

అసలు దాని పనేంటి?

కారు పైకప్పు మీదుగా వచ్చే గాలి వెనకద్దం వాలు వెంట కిందికి జారుతుంది. ఒంపు మీదుగా వేగంగా వెళ్లే గాలి దగ్గర పీడనం తగ్గి, కారు వెనక భాగాన్ని కొంచెం పైకి లేపే బలం పుడుతుంది. దీన్నే లిఫ్ట్‌ అంటారు. స్పాయిలర్‌ ఆ ప్రవాహాన్ని చెడగొట్టి లిఫ్ట్‌ను తగ్గిస్తుంది. పేరులోనే ఉంది కదా, ‘స్పాయిల్‌’ చేసేదని!

అంటే స్పాయిలర్‌ ఎత్తు, కోణం ఎంతుండాలన్నది ఆ కారు పైకప్పు, వెనకద్దం వాలు, డిక్కీ పొడవు బట్టి ఉంటుంది. ఒక మోడల్‌ కోసం లెక్కేసి చేసిన ముక్కను ఇంకో మోడల్‌ మీద పెడితే లిఫ్ట్‌ తగ్గకపోవచ్చు. గాలి నిరోధం మాత్రం పెరగొచ్చు. పెట్రోలు కారైతే మైలేజీ, ఎలక్ట్రిక్‌ కారైతే రేంజ్‌ తగ్గుతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ ఆడీ టీటీ. 1998లో మార్కెట్లోకి వచ్చిన ఈ కారు గుండ్రటి వెనక భాగంతో అందరినీ ఆకట్టుకుంది. తర్వాత జర్మనీ ఆటోబాన్ల మీద అతి వేగంలో మలుపులు తిరిగేటప్పుడు, లేన్‌ మారేటప్పుడు అదుపు తప్పి ప్రమాదాలు జరిగాయి. ప్రాణాలూ పోయాయి. దాంతో ఆడీ అమ్మిన కార్లను వెనక్కి పిలిచి మార్పులు చేసింది. డిక్కీ మీద చిన్న స్పాయిలర్‌ పెట్టడంతోనే సరిపెట్టలేదు. సస్పెన్షన్‌ భాగాలు మార్చింది. కారు జారుతుంటే సరిచేసే ఈఎస్‌పీ వ్యవస్థనూ తెచ్చింది. సొంత కారుకు సొంత స్పాయిలర్‌ పెట్టడానికే తయారీ సంస్థ ఇంత చూసుకోవాల్సి వచ్చింది. మేం మాత్రం డబుల్‌ సైడ్‌ టేపుతో పని కానిచ్చేశాం.

కాగితం మీద పది నిమిషాలు

ఇంటర్వ్యూలో నేను చెప్పలేకపోయిన లెక్క ఇదిగో. గాలి బలం అంటే సగం × గాలి సాంద్రత × వేగం వర్గం × వైశాల్యం × డ్రాగ్‌ కోఎఫిషియంట్‌. సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. వేగం గంటకు 100 కిలోమీటర్లు, అంటే సెకనుకు 27.8 మీటర్లు. గాలికి ఎదురుగా నిలిచే వైశాల్యం 0.1 చదరపు మీటరు, కోఎఫిషియంట్‌ 1 అనుకుందాం. జవాబు సుమారు 46 న్యూటన్లు. అంటే దాదాపు 4.7 కిలోల బరువు స్పాయిలర్‌ను వెనక్కి లాగుతున్నట్టు. 50 కిలోమీటర్ల వేగంలో ఇది 1.2 కిలోలే. 120కి వెళ్తే 6.8 కిలోలు. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ గట్టిగా ఉన్న ముక్క హైవే ఎక్కాక ఊడటానికి కారణం ఇదే. ఊడితే అది వెళ్లేది వెనకొచ్చే బైకు మీదకి.

డిక్కీ మూత లెక్క ఇంకా తేలిక. స్పాయిలర్‌ బరువు 3 కిలోలు, కీలు నుంచి దూరం 60 సెంటీమీటర్లు అనుకుంటే, మూత అడ్డంగా ఉన్నప్పుడు అదనంగా పడే టార్క్‌ దాదాపు 18 న్యూటన్‌ మీటర్లు. మూతను నిలబెట్టే స్ప్రింగులను ఈ అదనపు బరువు కోసం చేయలేదు. మామయ్య చెయ్యి నలగడానికి కారణం ఇంటర్‌ ఫిజిక్స్‌లోనే ఉంది.

వీటికి తోడు బిగించే ముందు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. 

* వంపు: అట్టముక్కను డిక్కీ వంపుకు తగ్గట్టు కత్తిరించి, స్పాయిలర్‌ అడుగున పెట్టి చూడండి. మధ్యలో ఖాళీ కనిపిస్తే టేపు పట్టు అంతటా సమానంగా ఉండదు. 
* అతుకు: అక్రిలిక్‌ ఫోమ్‌ టేపుకు పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. సాయంత్రం అతికించి పొద్దున్నే హైవే ఎక్కకూడదు. 
* రంధ్రాలు: డ్రిల్‌ చేసిన చోట ప్రైమర్‌, సీలెంట్‌ వేయకపోతే తుప్పు ఖాయం. 
* చూపు: మూడో బ్రేక్‌ లైటు వెనకవాళ్లకు, వెనక రోడ్డు డ్రైవర్‌ అద్దంలో పూర్తిగా కనిపించాలి. 

హ్యాచ్‌బ్యాక్‌ అయితే ఇంకో చిక్కు. స్పాయిలర్‌ కీలు పక్కనే ఉంటుంది కాబట్టి డోర్‌ ఎత్తినప్పుడు దాని అంచు పైకప్పుకు తగిలి పెయింట్‌ గీసుకుపోవచ్చు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్‌ వాహనాల్లో చేసే మార్పుల గురించి చెబుతుంది. తయారీ సంస్థ మొదట ఇచ్చిన వివరాలకూ, ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా మార్పులు చేయకూడదన్నది దాని సారం. కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఎ సెక్షన్‌ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

‘ఆర్‌సీలో స్పాయిలర్‌ అనే గడే లేదుగా’ అని కొందరు వాదిస్తారు. నిజమే, లేదు. కానీ ప్రమాదం జరిగి, బ్రేక్‌ లైటు కనిపించలేదనో, ముక్క ఊడి తగిలిందనో తేలితే ఆ వాదన ఎంతవరకు నిలబడుతుంది? బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్‌ దగ్గర పేచీ అవుతుంది. మీ మోడల్‌కే కంపెనీ అమ్మే యాక్సెసరీ అయితే చూపించడానికి బిల్లూ, పార్ట్‌ నంబరూ ఉంటాయి. వేరే మోడల్‌ ముక్కకు అవేవీ ఉండవు. అనుమానం ఉంటే బిగించాక కాదు, ముందే ఆర్‌టీవో ఆఫీసులోనూ, బీమా కంపెనీలోనూ అడగండి.

జర్మనీలో ఇలాంటి విడిభాగాలతో పాటు అవి ఏయే మోడళ్లకు సరిపోతాయో రాసిన పరీక్ష పత్రం వస్తుంది. అది లేకపోతే అధీకృత సంస్థ ఇంజినీరు కారును చూసి ఆమోదించాలి, కాగితాల్లో నమోదు చేయించాలి. ఎంఎస్‌కు అక్కడికి వెళ్లాలనుకునే మెకానికల్‌ విద్యార్థులు ఈ పద్ధతి గురించి ఓసారి చదవడం మంచిది.

ఇందులో ఉద్యోగం ఎక్కడుంది?

పైన చెప్పుకున్న ఒక్కో సమస్య వెనకా ఒక్కో ఉద్యోగం ఉంది. గాలి లెక్కలు చూసేవాళ్లు ఏరోడైనమిక్స్‌, సీఎఫ్‌డీ ఇంజినీర్లు. ఎలక్ట్రిక్‌ కార్లలో రేంజ్‌ కోసం వీళ్ల పని ఇంకా ముఖ్యమవుతోంది. రెండు భాగాల మధ్య సందు, ఎత్తుపల్లాలు కొలిచే పనిని పరిశ్రమలో ‘గ్యాప్‌ అండ్‌ ఫ్లష్‌’ అంటారు. శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరున్న కియా ప్లాంటు లాంటి కార్ల ఫ్యాక్టరీల్లో బాడీ క్వాలిటీ విభాగాల రోజువారీ భాష ఇది. కొత్త మోడల్‌ నిబంధనల ప్రకారం ఉందని పరీక్షించి ధ్రువీకరించే పని హోమోలొగేషన్‌. పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్‌ ఈ పరీక్షలు చేస్తాయి. కార్ల కంపెనీల్లోనూ ఇందుకు ప్రత్యేక బృందాలుంటాయి. మన విద్యార్థుల్లో చాలామందికి ఈ కెరియర్‌ పేరే తెలియదు.

కారు సరదా ఉంటే ఇలా మొదలుపెట్టండి. కారు వెనక భాగం కొలతలు తీసి క్యాడ్‌లో గీయండి. ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్‌లో స్పాయిలర్‌ లేకుండా ఒకసారి, పెట్టి రెండు మూడు కోణాల్లో ఇంకోసారి గాలి ప్రవాహం చూడండి. వెనకద్దం మీద, డిక్కీ మీద ఊలు దారం ముక్కలు టేపుతో అతికించి, క్యాంపస్‌ లోపల అనుమతి తీసుకుని నెమ్మదిగా నడిపి, పక్క కారులోంచి వీడియో తీయండి. దారాలు నిటారుగా వెనక్కి ఉంటే గాలి అంటిపెట్టుకుని వెళ్తున్నట్టు, గిలగిలా కొట్టుకుంటే విడిపోయినట్టు. లగేజీ తూచే చిన్న త్రాసుతో డిక్కీ మూత ఎత్తడానికి ఎంత బలం కావాలో కొలవండి. తర్వాత అంతే బరువు కట్టి మళ్లీ కొలవండి. కారుకు ఒక్క రంధ్రం కూడా పెట్టక్కర్లేదు.

అప్పుడు రెజ్యూమెలో ‘కార్‌ మోడిఫికేషన్‌’ అన్న రెండు మాటల బదులు ఏం కొలిచారో, ఏ అంకె వచ్చిందో రాయగలుగుతారు. ‘లెక్క చూశాక బిగించకూడదని నిర్ణయించుకున్నాం’ అని రాయడానికి కూడా మొహమాటపడొద్దు. ఎందుకు వద్దనుకున్నారని కచ్చితంగా అడుగుతారు. ఆ ప్రశ్నకు మీ దగ్గర అంకెలుంటాయి.

ఆ స్పాయిలర్‌ను మేం తర్వాత తీసేశాం. రంధ్రాలు పూడ్చి పెయింట్‌ వేయించడానికి, దాన్ని కొన్నదానికన్నా ఎక్కువే అయింది. పని చేసింది అదే ఆటోనగర్‌ మెకానిక్‌. నవ్వి ఊరుకున్నాడు.