గొర్రెకున్న బీమా కాపరికి లేదా?

2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు వాటికి బీమా కూడా చేయించింది. పశువుల బీమా తీరు మన రైతులకు కొత్త కాదు. చెవికి ట్యాగు ఉండాలి, పశువైద్యుడు ధ్రువీకరించాలి. ఆ తర్వాత లారీ గుద్ది చచ్చినా, రోగమొచ్చి చచ్చినా పరిహారం వస్తుంది. బీమా చేసేనాటికే ఉన్న జబ్బుతో చస్తే మాత్రం రాదు. అది న్యాయమైన షరతే.

మన ఊరి నుంచి సౌదీ వెళ్లి, ఎడారిలో కఫీల్ (అక్కడి యజమాని) గొర్రెలనో ఒంటెలనో కాసే మనిషి సంగతేమిటి? ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్లే ప్రతి కార్మికుడూ ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కొనాల్సిందే. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు. జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చుకు కొంత సాయం ఉంటుంది. కానీ నిద్రలో గుండె ఆగిపోతే ఆ 10 లక్షల్లో ఒక్క రూపాయి కూడా రాదు. ఈ తేడాను కేంద్రం ఎత్తేయాలి.

అసలు గల్ఫ్‌లో ఏది ప్రమాదం, ఏది జబ్బు అని తేలుస్తున్నదెవరు? దక్షిణ, ఆగ్నేయాసియా వలస కార్మికులు గల్ఫ్ దేశాల్లో ఏటా 10 వేల మంది దాకా చనిపోతున్నారని, సగానికి పైగా మరణాలకు సరైన కారణమే తేలడం లేదని 2022లో వైటల్ సైన్స్ (Vital Signs) నివేదిక చెప్పింది. సౌదీలో పని ప్రదేశాల్లో జరిగిన మరణాలను కూడా సహజ మరణాలుగా రాసేస్తున్నారని 2025 మేలో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. 2024లో రుబ్ అల్ ఖాలీ ఎడారిలో దారితప్పి, దప్పికతో ప్రాణాలు వదిలిన తెలంగాణ యువకుడి వార్త చదివాం. వడదెబ్బతో మూత్రపిండాలు పాడై చనిపోయినవాడిది జబ్బా, ప్రమాదమా? సర్టిఫికెట్ మీద ‘సహజ మరణం’ అన్న రెండు మాటలు పడితే చాలు, బీమా కంపెనీ ఫైలు మూసేస్తుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని సౌదీలో నిబంధన ఉంది. అయితే ఆ దేశ కార్మిక చట్టం ఇంటి పనివాళ్లను, సొంత మందల కాపరులను ఏడో అధికరణంలోనే తన పరిధి నుంచి తప్పించింది. కంపెనీ ఉద్యోగికి యజమాని ఆరోగ్య బీమా చేయించడం తప్పనిసరి. ఇంటి పనివాళ్ల వంతు 2024 జూలైలో గానీ రాలేదు, అదీ ఎక్కువమంది పనివాళ్లున్న ఇళ్లకే.

పాత జబ్బులు దాచి వెళ్తారన్న వాదన ఒకటుంది. అది నిలవదు. వీసా కావాలంటే గుర్తింపు పొందిన సెంటర్‌లో మెడికల్ పాసవ్వాలి. రక్తం, ఎక్స్‌రే అన్నీ చూసి ‘ఫిట్’ అని రాశాకే విమానం ఎక్కనిస్తారు. పోయేటప్పుడు నిక్షేపంగా ఉన్నవాడు అక్కడ జబ్బు పడితే అది పాత జబ్బెలా అవుతుంది? విచిత్రం ఏమిటంటే, జబ్బుతో తిరిగొచ్చి ఇక్కడ ఆరోగ్య పాలసీ తీసుకుంటే అదే జబ్బు పాతదైపోతుంది. మూడేళ్ల వరకు వేచి ఉండాలని కంపెనీ షరతు పెట్టవచ్చు.

ఖర్చు పెరుగుతుందన్నది నిజం. ఏ కారణంతో మరణించినా 2 లక్షలిచ్చే జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు కట్టాలి, ప్రమాదానికే పరిమితమైన సురక్షా బీమాకు 20 రూపాయలు చాలు. జీవన్ జ్యోతి లెక్కన 10 లక్షలకు ఏడాదికి రెండు వేల పైచిలుకు అవుతుంది. వీసా కోసం అప్పు చేసి మరీ ఏజెంటుకు ముట్టజెప్పే సొమ్ము ముందు అదెంత? ఆ భారం కార్మికుడి మీద కాకుండా రిక్రూటింగ్ ఏజెన్సీ మీద, కేంద్రం మీద పడాలి.

2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని తెలంగాణ 2024లో ఉత్తర్వులిచ్చింది. మంచి పనే. కానీ ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం దయ, బీమా కార్మికుడి హక్కు. 2034 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం సౌదీలో కట్టడాలు పెరిగేకొద్దీ మనవాళ్ల వలసా పెరుగుతుంది. పాలసీలో ‘ప్రమాద మరణం’ అన్నచోట ‘ఏ కారణంతోనైనా మరణం’ అని మార్చమని విదేశాంగ శాఖను నిజామాబాద్, రాజంపేట ఎంపీలు పార్టీలు పక్కనపెట్టి పార్లమెంటులో నిలదీయాలి.