రొట్టె యనగా ఏమి? కూడనుటకు సిగ్గేల?



హిందూపురము మొదలుకొని పెనుకొండ, ధర్మవరముల వరకు మన పల్లె సంఘములలో ఒక తలంపు వేరుపారియున్నది. రొట్టె దొరల తిండి, సంగటి మన తిండి అనునదే ఆ తలంపు. వినుటకు ఇది వినయమువలె తోచును. కాని ఇది వినయము కాదు, సిగ్గు. వాక్యములో రొట్టె యని చదివినప్పుడెల్ల మన కన్నులయెదుట పట్టణపు బేకరీలోని తెల్లని బ్రెడ్డు నిలుచుచున్నది. మన పొయ్యిమీద ఉడుకుచున్న రాగి సంగటి ఆ మాటకు వెలుపల గడపయొద్దనే ఆగిపోవుచున్నది. ఈ తలంపు తప్పనియు, దీనివలన మన పొరుగువానికి అన్యాయము జరుగుచున్నదనియు చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మొదట రొట్టె యను మాటనే చూడుడి. ఇది దొరలు ఓడలో తెచ్చిన మాట కాదు. సంస్కృతమున రోటిక, హిందీలో రోటీ, కన్నడమున రొట్టి యని చెప్పెడు మాటయే మన రొట్టె. జొన్నపిండి తట్టి పెనముమీద కాల్చిన జొన్నరొట్టె, సజ్జరొట్టె మన అవ్వలెరిగిన రొట్టెలే. బ్రెడ్డు వేరు మాట. పాత ఇంగ్లీషులో దానికి తునక యని అర్థముండెను. అప్పుడు రొట్టెను హ్లాఫ్ అనిరి. వారు దొరను పిలుచు లార్డ్ అను మాటకు మొదటి అర్థము రొట్టెను కాచువాడు. దొరసానిని పిలుచు లేడీ యను మాటకు మొదటి అర్థము రొట్టెపిండి పిసుకునది. అనగా దొరల మాట ప్రకారమే చూచినను, పదిమంది తిండిని కాచి పంచువాడే దొర గాని, తెల్లరొట్టె తిని కూర్చుండువాడు కాడు.

ఇక మూలభాషకు పోదము. హెబ్రీలో రొట్టెకు లెహెం అని పేరు. బేత్లెహేమనగా రొట్టెల యిల్లు. ఈ మాటకు తోబుట్టువు అరబీ భాషలో కలదు. అక్కడ లహ్మ్ అనగా మాంసము! ఒక్క మూలమునుండి పుట్టిన మాట ఒకచోట రొట్టె, మరియొకచోట మాంసము ఎట్లాయెను? ఏ జనము దేనిని తిని బ్రదుకునో దానినే ఆ మాట తెలుపుచు వచ్చెనని పండితులు తలంచుదురు. హెబ్రీ గ్రంథములోనే లెహెం అను మాట అనేక చోట్ల ఉత్త ఆహారమను అర్థములో వాడబడినది. అరణ్యములో కురిసిన మన్నాను చూడుడి. దానిలో గోధుమపిండి రవ్వయైన లేదు. అయినను దానికి రొట్టె యని పేరు వచ్చెను. జనులు దానిని తిరుగట విసిరి, రోట దంచి, కుండలలో వండుకొనిరని సంఖ్యాకాండము 11వ అధ్యాయములో నున్నది. విసిరి, కుండలో వండుట మన ఆడవారికి తెలియని పనియా?

గోధుమ రొట్టెకే ఘనత గలదందురా? అయిదు రొట్టెలతో అయిదువేలమంది తృప్తిపొందిన సంగతిని నాలుగు సువార్తలును చెప్పుచున్నవి. అవి యవల రొట్టెలని యోహాను మాత్రమే వ్రాసెను. యవలు ఆ దేశపు పేదల ధాన్యము. షోమ్రోను ముట్టడి తీరిన దినమున ఒక కొలత సన్నపిండికి ఎంత వెలయో రెండు కొలతల యవలకు అంతే వెలయని రాజుల రెండవ గ్రంథము 7వ అధ్యాయము తెలుపుచున్నది. అనగా సగము వెల. అట్టి ముతక ధాన్యపు రొట్టెలను ఒక చిన్నవాని చేతినుండి తీసికొని, ప్రభువు కృతజ్ఞతాస్తుతులు చెల్లించెను. మంచి రొట్టె తెండని ఎవరిని పంపలేదు.

ఇంకొక సంగతి వినుడి. యెహెజ్కేలు గ్రంథము 4వ అధ్యాయము 9వ వచనములో ప్రవక్త చేయవలసిన రొట్టెకు కావలసిన దినుసులు వరుసగా చెప్పబడినవి. మన తెలుగు బైబిలులో ఆ వరుసలో గోధుమలు, యవలతోకూడ చోళ్లు, సజ్జలు అను మాటలున్నవి. చోళ్లనగా ఏమో మన పల్లెలలో అనేకులకు తెలియదు. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములలో చోళ్లనునవి మన రాగులే. తెలంగాణములో వాటినే తైదలందురు. తెలుగు బైబిలు అనువాదములో విశాఖపట్టణపు మిషనెరీలకు పెద్ద పాలుండెను గనుక ఆ ప్రాంతపు మాట అందులో చేరుట వింత కాదు. యెహెజ్కేలు ఎరిగిన గింజ సరిగా మన రాగియే యని నేననను. అది ముట్టడిలోని కరవు రొట్టె యనియు మరువను. అయితే మన గ్రంథములోనే రాగులు రొట్టెపిండిలో కలిసియుండగా, మన విశ్వాసి రాగి సంగటిని చూచి తలవంచుకొనుట ఏమి న్యాయము?

లెహెం అనుమాటకు సరియైన తెలుగు మాట ఏదని నన్నడిగిన, కూడు అని చెప్పుదును. తమిళములో దీనికి సాటి మాటకు జావ, అంబలి యను అర్థము కలదు. కన్నడములోను ఈ మాట కలదు. ఇది మన దక్షిణపు కుండలో పుట్టిన మాట. కూడు, గుడ్డ, గూడు అనుటలో మొదటిది ఇదే. కూటికి పేద యన్నప్పుడు మనము చెప్పునదియు ఇదే. కాని నేడు నాగరికులు కూడనుటకు జంకుదురు. అతిథితో భోజనమందురు, ఆలయములో ఆహారమందురు, కూలివానితో మాత్రము కూడందురు. మాటను కులముచొప్పున, కూలిచొప్పున పంచిపెట్టితిమి! ప్రార్థనలోని మాట మార్చుడని నేను చెప్పుట లేదు. ఆహారమను మాట మంచిదే. ఆ మాట పలుకునప్పుడు కూలివాని కూడు మన మనస్సుకు వచ్చుచున్నదా యనియే అడుగుచున్నాను.

ఈ సిగ్గువలన నష్టము మాటతో పోలేదు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాతో కూడిన పాత అనంతపురము జిల్లాలో సగటు వాన సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ ఎఱ్ఱనేలలో వరి పెద్ద నీరు అడుగును, రాగి కొద్ది తడితో నిలుచును. పండిన రాగులు యేండ్లతరబడి చెడకుండును. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియమున్నది, బియ్యములో అందులో పదవవంతైనను లేదు. అయినను గత శతాబ్దపు రెండవ సగమున చెనక్కాయ మన పొలములను ఆక్రమించెను. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చెను. ఆ బియ్యము ఎందరి ఆకలినో తీర్చినది, దానిని నేను నిందింపను. వరియన్నము తినుట పాపము కాదు. సంగటి తినువానిని తక్కువగా చూచుటయే పాపము. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత పట్టణములవారు రాగిపిండిని పొట్లములలో కొని తినుచున్నారు. పట్టణము గౌరవించినప్పుడే మన కుండకు గౌరవమా?

మన విందులను చూడుడి. వియ్యంకులయెదుట సంగటి పెట్టిన చిన్నతనమని అప్పుచేసి బియ్యము తెత్తుము. ఒకని విసురురాయిని తాకట్టు పట్టరాదని, అది వాని ప్రాణమును పట్టుటయేనని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. మనమో, పొరుగువారి మెప్పుకొరకు మన విసురురాయిని మనమే తాకట్టు పెట్టుకొనుచున్నాము. కోతపండుగనాడు బియ్యపు మూట బల్లయెదుటను, రాగుల చేట తలుపుచాటునను ఉండుట ఎన్నడును చూడలేదా? ప్రేమవిందులో పెద్దలకొక పంక్తి, పొలమునుండి ఆలస్యముగా వచ్చినవారికి అడుగంటినది. కొరింథు సంఘములో పౌలు గద్దించినది ఇదే గదా!

సంస్కారపు బల్లమీద ఏ పిండి రొట్టె యుండవలెనని ఎవరైన అడుగవచ్చును. అది సంఘపు క్రమము, దానిని పెద్దలు చూచుకొందురు. నేను మాటాడునది ఇంటి కుండను గూర్చి, పొరుగువాని పళ్లెమును గూర్చి. మాటల మూలములు వెదకిన కడుపు నిండునా యని మరియొకరు అడుగవచ్చును. నిండదు. కాని పరలోక ప్రార్థనలో మనము అడుగునది నా ఆహారము కాదు, మా ఆహారము. ధర్మవరములో మగ్గపు గుంతలో కూర్చుండి పట్టుచీర నేయువాని కూడు అందులో నున్నది. పెనుకొండ కొండక్రింద గొఱ్ఱెలు కాయువాని ముద్ద అందులో నున్నది. హిందూపురపు అంగడిలో బెల్లపు మూటలు మోయువాని రేపటి పూట అందులో నున్నది. ఉదయమున వారి కూడు అడిగి, సాయంకాలమున వారి కూలి ఆపువాడు తన ప్రార్థనను తానే కొట్టివేయుచున్నాడు.

కాబట్టి ప్రియులారా, రాబోవు కోతపండుగకు రాగుల చేటను ముందు పెట్టుడి. ప్రేమవిందులో సంగటి వండి, ఊరుబిండితోనో ఉలవచారుతోనో అందరును ఒకే పంక్తిని కూర్చుండి తినుడి. మీ పొలములో పనిచేసినవానికి మీరు తిన్న కుండలోనిదే పెట్టుడి, వాని కూలి ఆ పూటకే ఇయ్యుడి. అప్పుడు రొట్టె యను మాటకు అర్థము నిఘంటువులో వెదకనక్కరలేదు. అది మీ పళ్లెములోనే కనబడును.