పిల్లిమొగ్గ కాని పిల్లిమొగ్గ

మొన్న ఆదివారం పక్కింటి కుర్రాళ్లు మా పిల్లికూనను చంకన పెట్టుకుని మిద్దె మెట్లు యెక్కుతూ నాకు దొరికిపోయారు.

"పిల్లిని యెట్లా వదిలినా కాళ్లమీదే పడుతుందంట గదా సార్! చూద్దామని..." అన్నాడు పెద్దవాడు.

కూన కళ్లు తెరిచి యింకా పదిరోజులు కాలేదు. మా కంభంలో మిద్దె కింద పరిచినవి బండలే గాని పరుపులు కావాయె!

అయితే వాడన్నది బొత్తిగా అబద్ధమూ కాదు. 1894లో ఎతియెన్-జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పిల్లిని వెల్లకిలా పట్టుకుని వదిలేయించి, అది నేలకు చేరేలోగా వరసగా ఫోటోలు తీశాడు. పట్టుకున్న చేతిని తన్ని, ఆ వూపుతో తిరుగుతుందని అంతవరకు పండితుల నమ్మకం. ఫోటోల్లో చూస్తే, చెయ్యి వదిలేటప్పుడు పిల్లిలో తిరుగుడన్నదే లేదు! ఆనడానికేమీ లేని గాలిలో అది యెట్లా తిరిగినట్టు? పారిస్ సైన్సు అకాడెమీ పెద్దలు నివ్వెరపోయారు.

కిటుకంతా నడుములో వుంది. కిందేదో మీదేదో లోచెవి చెప్పగానే, పిల్లి నడుము వంచి ముందుకాళ్లు ముడుచుకుంటుంది, వెనకకాళ్లు చాపుతుంది. ముడుచుకున్న ముందుభాగం గిర్రున తిరుగుతుంది. చాచిన వెనకభాగం యెదురుదిక్కుకు కొంచెమే కదులుతుంది. ఆ వెంటనే ముందుకాళ్లు చాచి వెనకవి ముడిచి, వెనకభాగాన్ని తిప్పుకుంటుంది. యిటు తిరుగుడుకూ అటు తిరుగుడుకూ చెల్లు. పిల్లి మాత్రం బోర్లాపడింది. తోక లేని పిల్లులు కూడా యీ పని చేస్తాయి.

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనుక ఒక్క మాట. తలకిందులుగా దొర్లడాన్ని మనవాళ్లు పిల్లిమొగ్గ అన్నారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు పిల్లి పడడం చూడలేదు కాబోలు! అది దొర్లదు, తడిబట్ట పిండినట్టు మెలికపడుతుంది.

కాని యీ విద్య పుట్టుకతో రాదు. మూడు నాలుగు వారాలప్పుడు మొదలై, ఆరేడు వారాలకు గాని పట్టుబడదు. పట్టుబడ్డ పిల్లికైనా అభయమేమీ లేదు. న్యూయార్కులో మేడలమీంచి పడి వైద్యానికి వచ్చిన 132 పిల్లుల సంగతి 1987లో పశువైద్యులు ప్రకటించారు. వైద్యం చేసినవాటిలో నూటికి తొంభై బతికాయి. బతికినవాటిలోనూ రొమ్ము అదిరినవీ, దవడ పగిలినవీ, కాళ్లు విరిగినవీ వున్నాయి. అక్కడికక్కడే చచ్చినవాటిని ఆస్పత్రికి యెవరు మోసుకొస్తారు?

యిదంతా కుర్రాళ్లకు చెప్పాను. బుద్ధిగానే విన్నారు. చివరికి చిన్నవాడు, "అయితే సార్, దీనికి ఆరువారాలు యెప్పుడు నిండుతాయి?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపల తల్లిపిల్లి వచ్చి, కూనను మెడపట్టి కరుచుకుని అటకెక్కింది.